నలభై ఒకటో ప్రశ్న

గుట్ట మీద నూట నలభై గడపలు. టిక్కు మామయ్య ఎక్కని గడప వాటిలో ఒక్కటీ లేదు. ఇంటికి పిలిచి మర్యాదలు చేస్తారని కాదు లెండి, ఆయన ఉద్యోగమే అది. చంకలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పు కింద ఫారాలు. దోమలు ఎక్కువగా ఎప్పుడు కుడుతున్నాయి, పళ్లు దేనితో తోముకుంటున్నారు, ఓటు ఎవరికి వేద్దామనుకుంటున్నారు, టీవీ ఎన్నింటికి కట్టేస్తున్నారు. ఇరవయ్యారేళ్లుగా ఎవరో ఒకరి తరఫున ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. అడగడం, గడిలో టిక్కు పెట్టడం, కింద సంతకం గీకడం. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

మనిషి చెడ్డవాడా అంటే కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, కాసేపట్లో ఆయన్ని తిట్టాల్సి వస్తుంది కాబట్టి. తలుపు కొట్టి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు గానీ, మంచినీళ్లు మాత్రం అడిగి మరీ తాగేవాడు. నీళ్లిచ్చిన చెయ్యి మధ్యలో తలుపు వెయ్యదట, అదీ ఆయన కిటుకు. గుమ్మం బయట చెప్పులు చూసి లోపల ఎంతమంది ఉన్నారో చెప్పేసేవాడు. "మీ ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీ ఉండదండీ" అని ఆఫీసులో మెచ్చుకుంటే పొంగిపోయేవాడు. ఎందుకుండదో వాళ్లు అడగలేదు, ఆయనా చెప్పలేదు.

జనానికి ఓపిక ఎంతసేపండీ? ఇరవయ్యో ప్రశ్న దాటేసరికి లోపల పాలు పొంగుతాయి, ఫోను మోగుతుంది, చంటిది ఏడుస్తుంది. మిగతా ప్రశ్నలకి మామయ్య గుట్ట కింద టీకొట్టు బల్ల మీద కూర్చుని తనే జవాబులు రాసేసేవాడు. అది మోసమని ఆయనకి ఏనాడూ తోచలేదు. "నాకు తెలియని మొహాలా ఇవి? అడిగినా ఇదే చెప్తారు" అనుకునేవాడు. దోమల సర్వేలో అలా రాసినందువల్ల దోమలకి గానీ మనుషులకి గానీ వచ్చిన నష్టం కూడా ఏమీ కనబడలేదు.

అలాంటి మనిషి చేతిలో ఈసారి ప్రొఫెసరమ్మ ఫారాలు పడ్డాయి.

ఆవిడ యూనివర్సిటీలో సమాజ శాస్త్రం చెప్పే మనిషి. ఫారాలు పంచే ముందు అందరినీ కూర్చోబెట్టి ఓ పూటంతా విడమరిచి చెప్పింది. "భూమి వేడెక్కుతోంది. కారణం మనిషి వదిలే పొగ. అది సైన్సువాళ్లు తేల్చేశారు. మనం తేల్చాల్సింది వేరు. మనిషి ఆ పొగ ఎందుకు వదులుతున్నాడు? ఒకరికి అలవాటు. ఒకరికి డాబు. ఇంకొకరికి వేరే దారి లేదు. బయటికి కనబడే పొగ ఒకటే, లోపలి కారణాలు వేరు. కారణాన్ని బట్టే మందు. అలవాటో డాబో అయితే బోర్డులు పెట్టి నచ్చజెప్తాం. దారి లేకపోతే దారి చూపించాలి. కార్పొరేషన్ వాళ్ల దగ్గర ఒక చిన్న బస్సు ఉంది. ఏ వాడకి పంపాలో మీరు తెచ్చే జవాబుల్ని బట్టే నిర్ణయిస్తారు."

మామయ్య వెనక వరసలో కూర్చుని బస్సు మాట విన్నాడు, విని మరిచిపోయాడు. ఫారం చూసి ఎవరైనా ఎక్కడికైనా బస్సు పంపారన్న ముచ్చట ఇన్నేళ్లలో ఆయన వినలేదు మరి.

ఫారంలో చివరిది నలభై ఒకటో ప్రశ్న. 'పెట్రోలు బండి వాడటానికీ, చెత్త తగలబెట్టడానికీ మీ ఇంట్లో అసలు కారణం ఏమిటి? మీ మాటల్లో చెప్పండి.' దాని కింద చిన్న అక్షరాల్లో ఓ హెచ్చరిక కూడా ఉంది. 'వాళ్లన్నది అన్నట్టే రాయాలి. చెప్పకపోతే ఖాళీ వదలాలి.' ఖాళీ అన్న మాట చదివి మామయ్య నవ్వుకున్నాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. గుట్ట దారి ఇరుకు, నిట్టనిలువు. మామయ్య నడిచే మనిషి. మోచేతికి రాసుకుంటూ, చెవిలో హారన్ కొట్టుకుంటూ పోయే స్కూటర్లంటే ఆయనకి ఒళ్లుమంట. "నడిస్తే కాళ్లు అరిగిపోతాయా వీళ్లకి? అంతా డాబు, ఉట్టి బద్ధకం" అని పక్కకి తప్పుకున్నప్పుడల్లా గొణుక్కునేవాడు.

పై వీధి చివరింట్లో శాంపిల్ అమ్మాయి ఉంటుంది. ఓ ల్యాబ్ తరఫున పొద్దున్నే ఇంటింటికీ తిరిగి పరీక్షలకి రక్తం తీసుకెళ్లే పిల్ల. ఇరవై తొమ్మిదేళ్లుంటాయి. మామయ్యకి చక్కెర జబ్బు, మూణ్ణెల్లకోసారి ఆయనకీ ఆ పిల్లే సూది గుచ్చుతుంది. సర్వేకి వెళ్లిన రోజున హెల్మెట్ పెట్టుకునే నిలబడి నలభై ప్రశ్నలకి టకటకా చెప్పేసింది. ఆఖరిదాని దగ్గర మాత్రం ఆగింది.

"మామయ్యా, ఇది ఒక్క మాటలో తేలేది కాదు. తీరిగ్గా చెప్పాలి. రేపు పదకొండింటికి ఇంట్లోనే ఉంటాను, వస్తారా?"

"వస్తానమ్మా, రాకేం."

ఇన్నేళ్ల ఉద్యోగంలో, ఒక ప్రశ్నకి తీరిగ్గా జవాబు చెప్తాను రమ్మన్న మనిషి ఆ పిల్ల ఒక్కతే. మరుసటి రోజు ఎండగా ఉంది. పై వీధి మరీ నిలువు. మామయ్య వెళ్లలేదు. ఇంతకు మించి కారణం ఏమైనా ఉంటే చెప్పేవాణ్ణి, లేదు.

వెళ్లకపోగా టీకొట్టు బల్ల మీద ఫారాల కట్ట విప్పాడు. ఆ పూట చెయ్యి ఎంత బాగా ఆడిందంటే, ముసలాళ్లకి ముసలాళ్ల మాట, కుర్రకారుకి కుర్రకారు మాట, ఎవరి ధోరణిలో వాళ్లకి జవాబులు పెట్టాడు. చెత్తబండి పైకి రాదన్న సంగతి ఆయనకి తెలియదా? తెలుసు. అయినా ఒకావిడ నోట 'అగ్గిపుల్ల గీస్తే పోయేదానికి అంత దూరం మోసే ఓపిక ఎవరికుంది' అనిపించాడు. శాంపిల్ అమ్మాయి ఫారంలో ఇలా రాశాడు: 'పక్క వీధికైనా బండి మీదే వెళ్తాను. నడిస్తే నలుగురిలో నామోషీ.' రాసి, ఒకసారి చదువుకుని, "అబ్బ, ఎంత బాగా కుదిరింది!" అనుకున్నాడు. అనుకున్నాడండీ, మరి ఏం చెప్పమంటారు.

రెండు నెలలు తిరిగేసరికి గుట్ట కింద పెద్ద బోర్డు వెలిసింది. పైన పచ్చటి ఆకు బొమ్మ, 'మన వాడ మాట' అని పేరు. దాని కింద మూడు వాక్యాలు. మూడూ మామయ్యవే. మధ్యలో పెద్ద అక్షరాలతో ఉన్నది నామోషీ వాక్యం. దాని కింద 'ఉద్యోగిని, 29, పై వీధి' అని కూడా వేశారు. పేరు వెయ్యలేదు కదా అనుకున్నట్టున్నారు బోర్డు రాయించినవాళ్లు. పై వీధిలో ఆ వయసులో ఉద్యోగం చేసే ఆడపిల్ల ఒక్కతే ఉంటే, ఇంక పేరెందుకు?

మూడు రోజుల్లో ఆ పిల్ల పేరు 'నామోషీ' అయిపోయింది. బండి చప్పుడు వినబడగానే "జరగండర్రా, నామోషీ గారొస్తున్నారు" అని ఒకడు, "పాపం, ఆవిడ కాలు నేలకి తగలనివ్వకండి" అని ఇంకొకడు. వేళాకోళం అంటే వేళాకోళమే, ఆ పిల్ల కూడా నవ్వి ఊరుకునేది. నవ్వలేకపోయింది ఇంట్లో. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. కింది వీధి నుంచి సరుకుల సంచి మోసుకుని ఏళ్ల తరబడి ఆ దారి ఎక్కిన మనిషి. బోర్డు మీద మాట ఎవరో చదివి వినిపిస్తే, ఇంటికొచ్చి కోడలి ముందు సంచి కింద పెట్టింది. "ఇన్నాళ్లూ నేను నడుస్తుంటే నీకు నామోషీగా ఉండేదన్నమాట" అంది. ఆ రోజు నుంచి కోడలి బండి ఎక్కడం మానేసింది. మోకాళ్ల డాక్టరు దగ్గరికి గోడలు పట్టుకుంటూ నడిచి దిగుతోంది.

బోర్డు చూసిన రోజు నుంచి మామయ్య గుట్ట వెనక మెట్ల దారిన తిరగడం మొదలుపెట్టాడు. కానీ చక్కెర జబ్బు ఉంది కదా. మూణ్ణెల్లు రానే వచ్చాయి, పొద్దున్నే ఆ పిల్ల పెట్టె పుచ్చుకుని ఇంటికొచ్చింది.

"మామయ్యా, చెయ్యి చాపండి. పిడికిలి బిగించండి." రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతూ అంది, "ఆ బోర్డు చూశారా?"

"ఆఁ... చూశాను."

"నేను చెప్పనే లేదు కదా మామయ్యా! మీరు రానూ లేదు, నేను చెప్పనూ లేదు. ఆ గడి ఖాళీగా ఉండాలి కదా. ఫారాల మీద ఇంటి నంబర్లేవో తారుమారు అయ్యుంటాయి."

ఇదుగో, నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. ఇద్దరే ఉన్నారు, ఇల్లు తనది, అడిగేది పరాయి మనిషీ కాదు. ఏమన్నాడో తెలుసా? "అవునమ్మా, ఆ కంప్యూటర్ వాళ్ల పొరపాటే అయ్యుంటుంది" అన్నాడు.

"అదే నేనూ అన్నాను!" ఆ పిల్ల మొహం విప్పారింది. "ఆదివారం ప్రొఫెసరమ్మ పెట్టే మీటింగులో ఆ ఒక్క ముక్క మీరు చెప్పండి, చాలు. నా మాట మా అత్తయ్య నమ్మట్లేదు. మీరు చెప్తే నమ్ముతుంది." అంటూ సూది దింపింది. మామయ్య చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. "అయ్యో, నొప్పి పుట్టిందా?"

"లేదమ్మా, లేదు."

దూది పెట్టి, మోచెయ్యి మడిచి పట్టుకోమని, వెళ్లిపోయింది. మామయ్య ఆ దూది నొక్కుకుని అరగంట అలాగే కూర్చున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. రాసినప్పుడు అనుకోకుండా అబద్ధమాడాడు అనుకుందాం. ఇప్పుడాడింది తెలిసి తెలిసి, ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ ఆడాడు.

ఆదివారం తలనొప్పని ముసుగు తన్నాడు. ఆయన భార్య దుప్పటి లాగేసింది. "ఆ పిల్ల మూడుసార్లు ఫోను చేసింది. ఒక్క మాట సాయం అడిగితే పడుకుంటారా? మనకి వేళకానివేళ వచ్చి రక్తం తీసుకెళ్తుందే, సిగ్గుండాలి" అంది. ఆవిడకి అసలు సంగతి తెలియదు. తెలియకుండానే సరైన మాట అంది.

కమ్యూనిటీ హాలు నిండిపోయింది. రెండు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతోంది. ప్రొఫెసరమ్మ మామయ్యని చూడగానే ముందు వరసలోకి పిలిచింది. "మాకు దొరికిన సర్వేయర్లందరిలో శ్రద్ధగల మనిషి ఈయన. నూట నలభై ఫారాలు, ఒక్క ఖాళీ లేదు" అని చప్పట్లు కూడా కొట్టించింది. కొట్టినవాళ్లలో శాంపిల్ అమ్మాయి కూడా ఉంది.

తర్వాత ఆవిడ సర్వేలో తేలిన విషయాలు చెప్పింది. "మిగతా వాడల్లో జనం దూరమన్నారు, బస్సు లేదన్నారు, చెత్తబండి రాదన్నారు. మీ గుట్ట మీద మాత్రం అరవై ఒక్కమంది అలవాటు, బద్ధకం, డాబు అని ఒప్పుకున్నారు. ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు. అందుకే మీకు బోర్డులు, అవగాహన తరగతులు. చిన్న బస్సు చెరువు అవతలి వాడకి వెళ్తుంది. వాళ్లకి నిజంగా దారి లేదు."

హాల్లో గోల మొదలైంది. "మాకుందా దారి?" "బద్ధకమని ఎవడన్నాడు?" అని అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటున్నారు. అప్పుడు శాంపిల్ అమ్మాయి లేచింది. వెనక గోడవారగా ఆమె అత్తగారు కూర్చుని ఉంది.

"మేడం, బోర్డు మీద మాట నాది కాదు. ఆ ప్రశ్నకి నేను జవాబే చెప్పలేదు. నంబర్లు తారుమారు అయ్యాయి."

"అలా జరగడానికి వీల్లేదమ్మా. ఫారాలు నా దగ్గరే ఉన్నాయి." ప్రొఫెసరమ్మ కట్టలోంచి ఒక ఫారం తీసింది. ఇంటి నంబరు చదివింది, అదే. కింది గడి చూసింది, అక్షరాలు గుండ్రంగా, అందంగా ఉన్నాయి. మామయ్య వైపు తిరిగింది. "రాసింది మీరే కదా, మీరే చెప్పండి. ఈ అమ్మాయి ఇలా అన్నదా?"

చూశారా, ఎంత తేలికో. 'అంది' అంటే చాలు. ఇన్నేళ్ల మంచి పేరు ఒకవైపు, బండి మీద తిరిగే పిల్ల మాట ఒకవైపు. అందరూ ఆయన మాటే నమ్ముతారు. ఆ పిల్ల ఆయన వంక చూస్తోంది. ఆ చూపులో అనుమానం ఇసుమంత కూడా లేదు. హమ్మయ్య, మామయ్య చెప్తాడు, గండం గడిచిందన్న నిశ్చింత తప్ప. ఆ నిశ్చింతే ఆయన్ని నిలువునా కోసేసింది.

"అనలేదు" అన్నాడు. ఎవరికీ వినబడలేదు, మళ్లీ అన్నాడు. "అనలేదండీ. రేపు రమ్మంది, నేను వెళ్లలేదు. టీకొట్లో కూర్చుని నేనే రాశాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు తేరుకున్నది టీకొట్టు బాబాయి. "మరి నాదో?" అన్నాడు.

"నీదీ నేనే రాశాను."

"చెత్త తగలబెట్టే మాట? నేనన్నానని మా ఆయన నన్ను పట్టుకుని..." అని ఇంకొకావిడ లేచింది.

"అదీ నాదేనమ్మా."

"నాదీ?" "మాదీ?" "మా నాన్నది కూడానా? ఆయనకి చెవులే వినబడవు కదయ్యా!" ఒక్కొక్కళ్లే లేచి అడుగుతున్నారు, మామయ్య ఒక్కొక్కళ్లకీ తలూపుతున్నాడు. నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. తల మాత్రం ఊపుతూనే ఉన్నాడు.

"అరవై ఒక్కటీ నావే మేడం" అన్నాడు చివరికి. "గుట్ట మీద అలా అనుకునేవాణ్ణి నేనొక్కణ్ణే."

ప్రొఫెసరమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "నేను ఖాళీ వదలమని రాశాను కదండీ" అంది నెమ్మదిగా. "ఖాళీ చూస్తే మళ్లీ వెళ్లి అడిగేదాన్ని. ఇప్పుడు ఏది మీదో ఏది వాళ్లదో నాకెలా తెలుస్తుంది? ఈ వాడ మొత్తం తీసెయ్యాలి. మీ గురించి మాకు ఏమీ తెలియదని రాయాలి." బస్సు సంగతి ఎవరో అడిగారు. పక్కనున్న కార్పొరేషన్ ఆయన అడ్డంగా తలూపాడు. బస్సుని చెరువు అవతలికి పంపే కాగితం ఎప్పుడో కదిలిపోయిందట, బోర్డు మాత్రం తీయిస్తానన్నాడు.

జనం లేచారు. ఆయన దారిలో నిలబడితే చుట్టూ తిరిగి పోయారు. శాంపిల్ అమ్మాయి అత్తగారు గోడ పట్టుకుని లేచి, కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "బండి తియ్యవే, మోకాళ్లు లాగేస్తున్నాయి" అంది. ఆ పిల్లకి కళ్లనీళ్లు తిరిగాయి. ఇద్దరూ ఆయన ముందునుంచే వెళ్లారు. మామయ్య చేతులు జోడించబోయాడు గానీ ముఖం చెల్లక దించేశాడు.

సర్వే పని పోయింది. పోకేం చేస్తుంది? రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. మూడో రోజు ఒక నోటు పుస్తకం కొని, పేజీకొక ఇంటి నంబరు వేసి, గుట్ట దారి పట్టాడు. "ఇప్పుడెందుకండీ, ఎవరడిగారు?" అంది భార్య, ఆయన గడప దాటుతుంటే.

మొదటి నాలుగిళ్లలో ముగ్గురు తలుపు వేసేశారు. మంచినీళ్లు అడగడానికి ఆయనకే నోరు రాలేదు. టీకొట్టు బాబాయి గ్లాసులు కడుగుతూ తలెత్తకుండా, "నన్నడగడం దేనికి, నువ్వే రాసేసుకో. నీకన్నీ తెలుసుగా" అన్నాడు. అందరూ నవ్వారు. మామయ్య ఆ పేజీ తెల్లగా వదిలి పైకి నడిచాడు.

పై వీధి చివరిల్లు చేరేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. శాంపిల్ అమ్మాయి తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు.

"ఆ ప్రశ్నకి జవాబు చెప్తావేమోనని వచ్చానమ్మా."

"చెప్తే ఎవరికిస్తారు?"

"తీసుకునేవాళ్లెవరూ లేరు" అన్నాడు తలదించుకుని. "ఆ రోజు రమ్మన్నావు, రాలేదు. అందుకు."

ఆ పిల్ల ఆయన చేతిలోని నోటు పుస్తకం వంక చూసింది. తర్వాత, తలుపు మీద చెయ్యి తియ్యకుండానే మొదలుపెట్టింది.

"ఐదున్నరకి బయల్దేరతాను. ఏడుంబావులోపు పన్నెండిళ్లు. తీసిన రక్తం రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి, లేకపోతే పారబొయ్యడమే. మొదటి బస్సు ఏడింటికి, అదీ గుట్ట కింద. పొద్దున్నే బస్సు పైకొస్తే ఈ బండి నాకెందుకు? గతుకుల్లో నడుం పడిపోతోంది. ఈ పొగ నేనూ పీలుస్తున్నాను, మా అత్తయ్యా పీలుస్తోంది. ఇష్టమై తిరుగుతున్నానా?"

మామయ్య గబగబా రాసుకున్నాడు. ఒక్క మాట జారిపోకూడదని పెదాలు కదుపుతూ రాశాడు.

"చదవండి" అంది.

చదివాడు. ఐదున్నర, పన్నెండిళ్లు, రెండు గంటలు, ఏడింటి బస్సు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆఖర్న, "'నిస్సహాయ స్థితిలో బండి వాడుతున్నాను'" అని చదివాడు.

"ఆగండాగండి. ఆ మాట ఎక్కడిది?"

మామయ్య కాగితం వంక చూశాడు. తన అక్షరాలే, గుండ్రంగా ఉన్నాయి. ఆ వాక్యం ఎప్పుడు రాశాడో ఆయనకే తెలియలేదు.

"నాదేనమ్మా" అన్నాడు.

"కొట్టెయ్యండి."

కొట్టేశాడు.

"ఇప్పుడు మొదటినుంచీ చదవండి" అంది ఆ పిల్ల. ఆయన చదువుతున్నంతసేపూ, ఆయన మొహం వైపు కాకుండా, కాగితం మీద కదులుతున్న వేలి వైపే చూస్తూ నిలబడింది.